కుక్కలకు కుంకుడునీటి స్నానము

కళ్లమును కాచుటకును, రాత్రివేళ చేనిలో అడవిపందుల అలికిడి తెలుపుటకును రైతునకు కుక్కయే కావలి. అయినను ఎద్దును కడుగునంత శ్రద్ధతో కుక్కను కడుగువారు అరుదు. కడుగవలెనని తోచిననాడు చేతికి దొరకినది వాడుట పరిపాటి: బట్టలసబ్బు, ఫినాయిలు, ఒక్కొక్కచోట పైరుపై చల్లు పురుగుమందు గూడ. ఈ కడపటిది ప్రాణాంతకము.

గత వేసవిలో మా పొరుగు రైతొకరు తమ కుక్క చెవులనిండ పట్టిన పిడుదులను పోగొట్టదలచి, వంగతోటకై తెచ్చిన మందులో మిగిలినదానిని నీళ్లలో కలిపి దాని యొడలిపై పోసిరి. కుక్క తన వెండ్రుకలను తానే నాకికొనును గదా! కొంతసేపటికే నోట నురుగు, కాళ్ల వణకు కనబడెను. పశువైద్యుడు వచ్చునప్పటికి అది ప్రాణము విడిచెను. పైరుమందులలో పెక్కు నరములపై పనిచేయునవి. పురుగు నరములకును కుక్క నరములకును అవి భేద మెంచవు. నాకకపోయినను చర్మముగుండ లోపలికి పోవును.

మురికి వదల్చుటకు కుంకుడుకాయ చాలును. దీని శాస్త్రనామమగు సాపిండస్ అను మాటకు హిందూదేశపు సబ్బు అనియే అర్థము. పైతొక్కయందలి సాపోనిన్ అను పదార్థమువలన నురుగు వచ్చును. విశాఖ మన్యమున, అనగా 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లాగా ఏర్పడిన పాడేరు, అరకు ప్రాంతములందు, గిరిజనులు ఏరితెచ్చు అటవీఫలసాయమును కొనుటకు 1956లో గిరిజన సహకార సంస్థ ఏర్పడినది. దాని ప్రధాన కార్యాలయము విశాఖపట్టణముననే యున్నది. కుంకుడుకాయయు, శీకాయయు అది కొను సరకులలోనివే.

మన చర్మము కొంచెము పులుపుగుణము కలది. కుక్క చర్మము అంతకంటె పలుచన, పులుపుగాని క్షారముగాని అంతగా లేనిది. కావున మన షాంపూ దానికి సరిపడదు. బట్టలసబ్బులోని క్షారము చర్మమందలి చమురును లాగివేయును. పిమ్మట దురద, గోకుడు, పుండు. కుంకుడురసమునకును కొంత పులుపు కలదు గనుక పలుచన చేయక వాడరాదు.

నడితరపు కుక్కకు ఎనిమిది కాయలు చాలును. గింజలు తీసివైచి, తొక్కలను అరలీటరు వేడినీటిలో రాత్రి నానబెట్టి, ఉదయమున బాగుగా పిసికి, పలుచని గుడ్డతో రెండుమార్లు వడియగట్టవలెను. అందు లీటరు నీళ్లు కలుపవలెను. చర్మము పొడిబారియున్న యెడల ఉప్పు వేయని గంజి ఒక గ్లాసెడు చేర్చవచ్చును. నిమ్మరసము వలదు; గోకికొన్న చోట మంట పుట్టును. ఈ రసము రెండుదినములకే పులియును గాన ఏనాటి కానాడు చేసికొనవలెను. మొదటిమారు వాడువారు ముందునాడు తొడ లోపలిభాగమున కొంచెము రాచి, ఎఱ్ఱబడునేమో చూడవలెను.

కుంకుడురసము కంట బడినప్పటి బాధ తలంటి పోసికొను మన కందఱకు తెలిసినదే, కుక్క చెప్పుకొనలేదు. కావున తలకు ఈ నీరు తగులనీయక తడిగుడ్డతో తుడువవలెను. చెవులలో దూది యుంచవలెను. తక్కిన యొడలిని గోరువెచ్చని మంచినీటితో, చేతికి జిగట తగులకుండునంతవఱకు కడుగవలెను. మిగిలిన రసమును నాకినచో వాంతులగును. విశాఖ సముద్రపుగాలిలో చెమ్మ యెక్కువ. గొంతుక్రిందను, వ్రేళ్లసందులను ఆరకున్న బూజు పట్టును. నెలకొకమారు చాలును. రేవునకును ఉక్కుకర్మాగారమునకును దాపున నుండి, బొగ్గుధూళి వెండ్రుకలలో చిక్కుకొను చోట్ల ముందుగా దువ్వి, పక్షమున కొకమారు కడుగవచ్చును. రెండునెలలు నిండని పిల్లలకు స్నానము వలదు.

చేపల చెరువు గట్టుపై మాత్రము ఈ పని చేయకుడు. సాపోనిన్ చేపల మొప్పలను చెఱచును. కుంకుడు తొక్కను నీట కలిపి చేపలను మత్తెక్కించి పట్టు వాడుకయు గలదు. కడిగిన నీటిని కొబ్బరిచెట్టు పాదునకు దూరముగా, నేలలో ఇంకనీయవలెను.

ఇక పిడుదుల మాట. కుంకుడునీరు వానిని చంపదు; చంపునని యెవరైన చెప్పిన నమ్మకుడు. చిన్న పట్టకారుతో చర్మమున కానుకొని పట్టి, తిన్నగా లాగి, సబ్బునీటిలో వేయవలెను. గోళ్లతో నలుపరాదు. పడుకొను చోటును, గోడ పగుళ్లను శుభ్రపఱుపకున్న అవి మరల వచ్చును. పిడుదులవలన వచ్చు జ్వరములో కుక్క మేత మాని, చిగుళ్లు పాలిపోవును. అప్పుడు స్నానములతో ప్రొద్దుపుచ్చక పశువైద్యశాలకు కొనిపోవలెను. మందు కుక్క బరువును బట్టి యిచ్చునది. గేదెకు తెచ్చిన దానిలో కొంత అంచనాగా పోయుట ప్రమాదము. అక్కడికి వెళ్లినప్పుడే పిచ్చికుక్కవ్యాధి రాకుండ ఏటేట వేయించవలసిన టీకాను గూడ అడిగి వేయించుకొని రావలెను.