అశోకుడు ఆగిన గడప

అశోకుని సింహశీర్షం మన రాజ్యచిహ్నం. ఆయన ధర్మచక్రం జాతీయ పతాకం నడుమ ఉంది. అయినా కులం ప్రశ్న ఎదురైనప్పుడు ఆ చక్రవర్తిని గురించి రెండు అతిశయోక్తులు తరచు వినవస్తాయి. ఆయన కులవ్యవస్థను కూల్చివేశాడని కొందరంటారు. బౌద్ధ సంఘానికి దానధర్మాలు చేయడం తప్ప సామాజికంగా ఆయన సాధించిందేమీ లేదని మరికొందరంటారు. శాసనాలను శ్రద్ధగా చదివితే ఈ రెండు వాదాలూ నిలవవని నా అభిప్రాయం.

ముందుగా దానాల సంగతి. క్రీ.పూ. 268 ప్రాంతంలో రాజ్యానికి వచ్చిన అశోకుడు పట్టాభిషేకమైన 20 ఏళ్లకు లుంబినిని దర్శించి, బుద్ధుడు పుట్టిన ఊరు గనుక దాని పన్నును ఎనిమిదో వంతుకు తగ్గించాడు. అయితే అంతకు ముందే, 12 ఏళ్లకు, బరాబరు కొండల్లో గుహలను తొలిపించి బౌద్ధులు కాని ఆజీవకులకు ఇచ్చాడు. స్వమతాన్ని పొగడటానికి పరమతాన్ని కించపరచరాదని 12వ శిలాశాసనంలో ప్రజలకు చెప్పాడు. ఆ ఆదరణ ఒక్క మతానికే పరిమితం కాలేదు.

దానాలకన్నా విలువైనవి ఆయన మాటలు. కర్నూలు జిల్లా ఎర్రగుడి బండలపై ఆయన లఘు శిలాశాసనం నేటికీ ఉంది. ధర్మఫలం గొప్పవారికి మాత్రమే దక్కేది కాదనీ, పట్టుదలతో శ్రమిస్తే చిన్నవాడు కూడా స్వర్గాన్ని అందుకోగలడనీ అది ప్రకటించింది. పుణ్యానికి పుట్టుకను కాక ప్రయత్నాన్ని కొలబద్దగా నిలిపిన రాజవాక్యమిది. పండితుల సంస్కృతంలో కాక ప్రాకృతంలో చెక్కించడం కూడా ఆ భావానికి తగినదే.

ఇంకా ముఖ్యమైనది నాలుగో స్తంభశాసనం. వ్యవహార సమత, దండ సమత పాటించాలని అందులో రజ్జుకులనే అధికారులను ఆదేశించాడు. అంటే విచారణలోనూ శిక్షలోనూ సమానత్వం. ఇది రాజ్యమంతటా ఒకే పద్ధతి ఉండాలన్న పాలనా సూత్రమేనని భావించే చరిత్రకారులూ ఉన్నారు. అంతమాత్రమే అనుకున్నా దాని బరువు తగ్గదు. వర్ణాన్ని బట్టి శిక్ష మారాలన్నది ధర్మసూత్రాల నియమం. తరువాతి కాలపు మనుస్మృతి, బ్రాహ్మణుణ్ణి దూషించిన క్షత్రియునికి 100 పణాల జరిమానా, శూద్రునికి మాత్రం శరీరదండన విధించింది. ఒకే నేరానికి పుట్టుకను బట్టి వేర్వేరు శిక్షలు వేసే న్యాయానికి, దండ సమత అన్న రెండు మాటలకు పొత్తు కుదరదు.

ఇక్కడే ఆయన పరిమితులనూ చెప్పాలి. దాసులను, భృత్యులను మన్ననతో చూడమన్నాడే గాని దాస్యాన్ని రద్దు చేయలేదు. కళింగ హత్యాకాండకు పశ్చాత్తాపం ప్రకటించిన 13వ శాసనంలోనే అడవి ప్రజలను హెచ్చరించాడు. వర్ణవ్యవస్థను పేరుపెట్టి ఖండించిన శాసనం ఒక్కటీ లేదు. శ్రమణులతో పాటు బ్రాహ్మణులనూ గౌరవించమన్నాడు.

శాసనాలు మౌనం వహించిన చోట ఒక ఐతిహ్యం మాట్లాడుతుంది. సంస్కృత బౌద్ధ గ్రంథం అశోకావదానంలోని కథ ఇది. అశోకుడు భిక్షువుల పాదాలకు మొక్కడం చూసి, అన్ని కులాల నుంచీ వచ్చినవారికి చక్రవర్తి తల వంచడమేమిటని యశుడనే మంత్రి ఆక్షేపిస్తాడు. రాజు రకరకాల జంతువుల తలలను, వాటితో పాటు ఒక మనిషి తలను సంతలో అమ్మించమంటాడు. జంతువుల తలలు అమ్ముడవుతాయి. మనిషి తలను మాత్రం ఉచితంగా ఇస్తామన్నా ఎవరూ తీసుకోరు. చచ్చాక ఎవరికీ అక్కరలేని తల బతికుండగా వంగితే నష్టమేమిటన్నది రాజు ప్రశ్న.

ఈ కథను మనం ఎంతో ఇష్టంగా చెప్పుకుంటాం. కానీ అందులోనే రాజు అన్న మరో మాటను దాటవేస్తాం. కులాన్ని విచారించవలసింది పెళ్లి సంబంధాల వేళ గాని ధర్మం వేళ కాదన్నది దాని సారాంశం. ఇది చరిత్ర కాకపోవచ్చు. కానీ ఆనాటి బౌద్ధ సమాజం ఎంతవరకు వెళ్లగలిగిందో ఇది చెబుతుంది. ధర్మం వేళ కులం లేదన్నది ఉత్త మాట కాదనడానికి మన నేల మీదే సాక్ష్యముంది. అశోకుని తరువాతి శతాబ్దాల్లో, అమరావతి స్తూపానికి పూర్ణఘటం చెక్కిన ఫలకాన్ని కుటుంబసమేతంగా సమర్పించిన విధికుడు తాను చర్మకారుణ్ణని శాసనంలోనే చెప్పుకున్నాడు. స్తూపం దగ్గర ఆ వృత్తికి మైల అంటలేదు. ఇంటి గడప దగ్గర మాత్రం కులం చెక్కుచెదరలేదు.

అంబేడ్కర్ చేయి వేసింది సరిగ్గా ఆ గడప మీదే. కులాంతర వివాహమే కులానికి అసలైన మందు అని, శాస్త్రాల పవిత్రతపై నమ్మకం పోనిదే ఆ మందు పనిచేయదని 1936లో ‘కుల నిర్మూలన’లో వాదించాడు. 20 ఏళ్ల తరువాత, 1956 అక్టోబర్ 14న, నాగపూర్‌లో బౌద్ధం స్వీకరించడానికి అశోక విజయదశమి రోజునే ఎంచుకున్నాడు. అది అశోకుని వారసత్వాన్ని స్వీకరించడమే గాక, అది ఆగిన చోటు నుంచి ముందుకు నడవడం కూడా.

దండ సమత ఈనాడు రాజ్యాంగం 14వ అధికరణంలో చట్టమై ఉంది. కులం మాత్రం పెళ్లిపందిట్లో సురక్షితంగా ఉంది. వేదికలపై బుద్ధ వందనం చేసి, ఇంట్లో సంబంధాలు సొంత కులంలోనే వెతికే అభ్యుదయవాదులు ఎందరో. మన రెండు రాష్ట్రాల్లోనూ కులం దాటి పెళ్లాడిన యువకులు హత్యకు గురవుతున్నారు. సుమారు 23 శతాబ్దాల కిందటి రాజు ఎంత దూరం వెళ్లలేదో లెక్కించడం తేలిక. ఆయన చిహ్నాన్ని నోట్లపై, నాణేలపై ముద్రించుకున్న మనం ఆ గడప దాటామా అన్నదే అసలు ప్రశ్న.