సూట్ ఎంత పోతుంది?

మార్కెట్‌కు చీనీ కాయలు తోలిన వేముల రైతుకు సూట్ అంటే ఏమిటో ఎవరూ చెప్పనక్కర్లేదు. తూకంలో టన్నుకింత అని తీసేస్తారు, ఆపైన మండీ కమీషన్. ఫోన్‌లోని యాప్ స్టోర్లూ అలాంటి మార్కెట్ యార్డులే.

ఆపిల్ యాప్ స్టోర్ 2008 జులైలో దాదాపు 500 యాప్‌లతో తెరుచుకుంది. అదే ఏడాది అక్టోబరులో గూగుల్ పెట్టిన ఆండ్రాయిడ్ మార్కెట్ 2012లో గూగుల్ ప్లే అయింది. సరుకులో చాలా ఏళ్లు ప్లేదే పెద్ద యార్డు. ఒక దశలో 30 లక్షల యాప్‌లు దాటింది. నాసిరకాన్ని ఏరిపారేయడం మొదలయ్యాక, బయటి సంస్థల లెక్కలో 2025 నాటికి 18 లక్షలకు దిగింది. ఇంచుమించు ఆపిల్‌కు సమానం.

వేములలో పది ఫోన్లు తీసి చూస్తే ఐఫోన్ ఒక్కటి కనిపించడమే గొప్ప. ప్రపంచమంతటా డౌన్‌లోడ్‌లు ప్లేలోనే ఎక్కువ. డబ్బు దగ్గరికొచ్చేసరికి లెక్క తిరగబడుతుంది: ఆపిల్ స్టోర్‌లో జనం పెట్టే ఖర్చు ప్లేలో కన్నా రమారమి రెట్టింపు. ఐఫోన్ కొనగలిగినవాళ్లు యాప్‌కూ డబ్బు తీస్తారు. పైగా చైనాలో ప్లే లేదు, ఆపిల్ ఉంది. మనమేమో ఉచితమైతేనే దించుకునేవాళ్లం. ప్రకటనల ఆదాయం ఈ లెక్కలోకి రాదు కాబట్టి మన వాటా ఇంకా చిన్నగా కనిపిస్తుంది.

ఇక సూట్ సంగతి. ఒక యాప్‌లో 118 రూపాయలు కట్టారనుకోండి. 18 జీఎస్టీకి పోతుంది. మిగిలిన 100లో స్టోర్ 30 పట్టుకుంటే తయారుచేసినవాడికి 70. ఏడాదికి పది లక్షల డాలర్లలోపు అమ్మే చిన్నవాళ్లకు రెండు కంపెనీలూ 2021లో దాన్ని 15 శాతానికి తగ్గించాయి. నెలచందాలకు గూగుల్ 2022 నుంచి 15 శాతమే తీసుకుంటోంది. ఆపిల్ మామూలుగా మొదటి ఏడాది 30 పట్టి, తర్వాత 15కు దిగుతుంది. 2020లో మొదలైన మన ఆహా లాంటి ఓటీటీలకు చందానే బతుకు కాబట్టి ఈ తేడా చిన్నది కాదు. యార్డులో అడుగు పెట్టడానికి గూగుల్‌కు ఒక్కసారి 25 డాలర్లు, ఆపిల్‌కు ఏటా 99.

యాప్‌లు తన బిల్లింగ్‌లోనే డబ్బు కట్టించాలన్న షరతు మీద మన కాంపిటీషన్ కమిషన్ 2022 అక్టోబరులో గూగుల్‌కు 936.44 కోట్ల జరిమానా వేసింది. 2025 మార్చిలో అప్పీలు ట్రిబ్యునల్ దాన్ని 216.69 కోట్లకు కోసింది. మధ్యలో వేరే బిల్లింగ్‌ను గూగుల్ అనుమతించింది కానీ సూట్‌లో తగ్గించింది 4 శాతమే. దాన్ని రాయితీ అనడానికి నాకు నోరు రావడం లేదు. ఆ రుసుము కట్టలేదని 2024 మార్చి 1న కొన్ని భారతీయ యాప్‌లను గూగుల్ తొలగించి, ప్రభుత్వం కల్పించుకున్నాక కొన్నాళ్లకే తిరిగి పెట్టింది.

దానికి కొద్దిరోజుల ముందే ఫోన్‌పే ఇండస్ యాప్‌స్టోర్ తెచ్చింది. తెలుగుతో సహా 12 భారతీయ భాషలు. సొంత పేమెంట్ గేట్‌వే వాడుకుంటే కమీషన్ లేదు. తోట గట్టు మీదే బేరమన్నమాట. అయితే ప్లే ఫోన్‌తోపాటే వస్తుంది. ఇండస్‌ను వెబ్‌సైటు నుంచి దించుకోబోతే మాత్రం, తెలియని చోటినుంచి వచ్చిన యాప్ అని ఆండ్రాయిడ్ ముందు హెచ్చరిస్తుంది.