ఆప్షను ధర పెరుగుటకు తరుగుటకు గల కారణములు

సికింద్రాబాదు పరిసర గ్రామములయందు విత్తనములను గూర్చియు, ఎరువులను గూర్చియు మమ్ము ప్రశ్నించు రైతులతోపాటు, ఇటీవల మరియొక ప్రశ్న వేయువారును తారసిల్లుచున్నారు. "షేరు పెరుగునని ఆప్షను కొంటిమి. షేరు పెరిగినది. అయినను మా సొమ్ము పోయినది. ఇదెట్లు?" అని వారి ప్రశ్న. 1943లో స్థాపితమై 2007లో గుర్తింపు కోల్పోయిన హైదరాబాదు స్టాకు ఎక్స్ఛేంజి నాళ్లలో ఇట్టి వ్యవహారము పట్టణపు వర్తకులకే పరిమితము. నేడు చేతిలోని ఫోను చాలును. కావున పంట సొమ్ము అటు పోవుటకు ముందే ఈ విషయమును మన సభ్యులు గ్రహించుట మంచిది.

ఆప్షననగా హక్కు. మామిడితోట పూతలోనున్నపుడు ఒకడు రైతునకు కొంత సొమ్మిచ్చి, "కాపునకు వచ్చిన పిమ్మట ఈ ధరకు కొనుహక్కు నాది, వలదనుకొన్నచో ఈ సొమ్ము నీదే" యని ఒడంబడిక చేసికొనెననుకొందము. ఆ సొమ్మే ప్రీమియము. ఒప్పుకొన్న ధర స్ట్రైకు ధర. కొనుటకు గల హక్కును కాల్ అనియు, అమ్ముటకు గల హక్కును పుట్ అనియు అందురు. ఇది నిన్న మొన్నటి కల్పన కాదు. బొంబాయి ప్రత్తి వర్తకమున తేజీ, మందీ అను పేర్లతో ఇట్టి బేరములు జరుగుచుండగా, వానిని నిషేధించుచు 1939లో అచ్చట చట్టము చేయబడెను. మన దేశపు ఎక్స్ఛేంజిలలో షేరుల ఆప్షనులు 2001లోను, సరకులలో బంగారపు ఆప్షనులు 2017లోను ప్రారంభమైనవి.

ఈ హక్కు వెల ముఖ్యముగా నాలుగు విషయముల ననుసరించి మారును.

మొదటిది, నేటి ధరకును స్ట్రైకు ధరకును గల అంతరము. వేయి రూపాయల షేరును 950కి కొనుహక్కునందు 50 రూపాయల విలువ ఇప్పుడే కలదు. అదే షేరును 1,050కి కొనుహక్కునందు నేడు విలువ లేదు. ఆశ మాత్రమే కలదు. ఆ ఆశకే వెల చెల్లించుచున్నాము.

రెండవది, గడువు. పూతనాడు తోట హక్కునకు గల వెల, కాయ కోతనాడుండదు. సందేహము తీరినకొలది ఆశకు వెల తగ్గును. ఈ తరుగుదల దినదినమును ఒకే రీతిగా నుండదు. స్ట్రైకు ధర నేటి ధరకు సమీపమున నున్న ఆప్షను, గడువు 36 దినములుండగా 60 రూపాయలు పలికినచో, తక్కిన పరిస్థితులు మారకున్నను 9 దినములు మిగులునప్పటికి సుమారు 30 రూపాయలే పలుకును. మొదటి 27 దినములలో పోయినంత సొమ్ము కడపటి 9 దినములలో పోవునన్నమాట.

మూడవది, ధరల ఒడుదుడుకులు. కాలువ క్రింది వరిమడికంటె వానపై నాధారపడిన చెలకకు భీమా భారమెక్కువ గదా! అట్లే నిలకడగల షేరుకంటె ఎగుడుదిగుడుల షేరునకు ఆప్షను వెల హెచ్చు. గడచిన ఒడుదుడుకులకంటె రాబోవునని జనులు భావించు ఒడుదుడుకులే ఇచ్చట ముఖ్యము. కంపెనీ లాభనష్టముల ప్రకటనకు ముందు వెల పొంగును. ప్రకటన వెలువడి సందేహము తీరగానే, వార్త మంచిదైనను, ఆ పొంగు చల్లారును.

నాలుగవది, వడ్డీయు డివిడెండును. వడ్డీ రేటు హెచ్చినచో కాల్ వెల కొంచెము పెరుగును, పుట్ వెల తగ్గును. డివిడెండు ఇచ్చుటచే షేరు ధర ఆ మేరకు దిగును గావున ఫలము దీనికి విపరీతము. ఈ విషయముల నన్నిటిని ఒక్క గణితసూత్రమున బంధించు మార్గమును ఫిషర్ బ్లాక్, మైరన్ షోల్సు అను పండితులు 1973లో ప్రకటించిరి.

ఇక మొదటి ప్రశ్నకు సమాధానము. షేరు వేయి రూపాయలున్నపుడు, 1,050కి కొనుహక్కును 30 రూపాయలిచ్చి ఒకడు కొనెననుకొందము. గడువునాటికి షేరు 1,040కి పెరిగినది. బజారులో 1,040కి దొరకు వస్తువును 1,050కి కొనుహక్కు ఎవనికి కావలెను? ముప్పది రూపాయలును పోయినవి. 1,080 దాటిననే అతనికి లాభము. దిక్కు సరిగా నూహించుట చాలదు. ఎంత దూరము, ఎంత కాలములో అనునదియు సరిపడవలెను. ఒక్క లాటునందు వందలకొలది షేరులుండుటచే ముప్పది రూపాయలే వేలగును. ఆప్షనును అమ్మినవాని స్థితి ఇంకను కఠినము: అతనికి వచ్చునది ప్రీమియమే, పోవునది దానికి ఎన్నో రెట్లు కావచ్చును.

2021-22 మొదలు మూడు సంవత్సరములలో ఫ్యూచర్సు, ఆప్షనుల వ్యాపారము చేసిన వ్యక్తులలో నూటికి 93 మంది నష్టపడిరనియు, వారి మొత్తము నష్టము 1.8 లక్షల కోట్ల రూపాయలు మించెననియు సెబీ 2024 సెప్టెంబరులో వెల్లడించెను.

ఆప్షను స్వతః చెడ్డది కాదు. ఇంట సరకుగలవాడు ధర పడిపోవునను భయమున పుట్ కొన్నచో అది భీమా వంటిది. ప్రీమియము పోయినను సరకు మంచి ధరకు అమ్ముడుపోవును. సరకు లేనివానికి మిగులునది పందెమే. కొనదలచినవారు ముందుగా స్ట్రైకు ధర, గడువు, ప్రీమియము, లాటు మొత్తము, లాభము మొదలగు ధర అను అయిదింటిని కాగితముపై వ్రాసికొనవలెను. ఆ మొత్తము పూర్తిగా పోయినను విత్తనమునకు, పిల్లల చదువునకు లోటు రాదేని వారి యిష్టము. సంఘమునుండి తెచ్చిన పంట ఋణమును మాత్రము ఈ త్రోవను పోనీయరాదు. ఆ ఋణమునకును గడువున్నది. ఆ గడువునాడు మన హక్కు కాదు, బాధ్యతయే నిలిచియుండును.