పాత కారులోని ప్రాణవాయు సాక్షి

పాత కారు పెట్రోలును మితిమీరి త్రాగుచున్నదని యజమానులు మొఱపెట్టుకొనుట మన గోదావరి జిల్లాలలో మేము తఱచుగా వినుచున్నాము. షెడ్డునకు గొనిపోయినచో “ఆక్సిజను సెన్సారు పోయినది, మార్చవలెను” అను మాట వెంటనే వినబడును. అది నిజముగా పోయినదో లేదో తెలిసికొను విధమును, పోయినచో మార్చు విధమును ఇచ్చట వివరింతుము.

పెట్రోలు చక్కగా మండుటకు దాని బరువునకు సుమారు 14.7 రెట్లు గాలి కావలెను. కార్బురేటరు గల పాత అంబాసిడరులలో ఈ పాలును మేస్త్రీ స్క్రూ త్రిప్పి కుదిర్చెడివాడు. ఇంజెక్షను కారులలో నా పనిని కంప్యూటరు చేయును. మండిన పొగలో ప్రాణవాయువు ఎంత మిగిలినదో దానికి తెలుపునదే యీ సెన్సారు. బాష్ కంపెనీవారు చేసిన యీ సాధనము 1976లో మొదట వోల్వో కారులలో అమర్పబడెను. దీని కొనయందు జిర్కోనియా యను పింగాణియు, దానిపై పలుచని ప్లాటినపు పూతయు నుండును. ఒక వైపున పొగ, వేఱొక వైపున బయటి గాలి తగులుచుండగా, పింగాణి 300 డిగ్రీలు దాటి వేడెక్కినపుడు, రెండు వైపుల ప్రాణవాయువునకు గల భేదమునుబట్టి విద్యుత్తు పుట్టును. పొగలో ప్రాణవాయువు దాదాపు లేనిచో 0.9 వోల్టు, అధికముగా మిగిలినచో 0.1 వోల్టు చూపును.

కావున సెన్సారు సాక్షివంటిది. చెప్పిన మాట చేదుగా నున్నదని సాక్షిని దండింపవచ్చునా? మేము ఆ పొరపాటే చేసితిమి. లీటరునకు 16 కిలోమీటర్లు నడుచు మా కారు 11నకు దిగగా, ఒక షెడ్డువారి మాట విని వేల రూపాయలతో క్రొత్త సెన్సారు వేయించితిమి. మరల 11 కిలోమీటర్లే! తుదకు సెన్సారునకు ముందరనున్న పొగగొట్టపు అతుకులో సన్నని బీట కనబడెను. దానిగుండ బయటి గాలి లోనికి పీల్చబడుచుండెను. సెన్సారు ఉన్నమాటే చెప్పెను. కంప్యూటరు మాత్రము పెట్రోలు చాలలేదనుకొని మఱింత పోసెను. మండని స్పార్కు ప్లగ్గు వలనను ఇట్టి చిక్కే కలుగును. వరికోతల దినములలో ఎలుకలు కొఱికిన తీగ సంగతి చెప్పనక్కఱలేదు.

కాబట్టి ముందు అతుకులను, ప్లగ్గులను, తీగలను, గాలి వడపోతను చూడవలెను. పిదప ఇంజనును పది పదునైదు నిమిషములు నడిపి, డిజిటలు మల్టీమీటరును సెన్సారు సంకేతపు తీగకు తగిలింపవలెను. తలుపులు మూసిన గదిలో ఈ పని ఎంతమాత్రము కూడదు. ఆ పొగ ప్రాణాంతకము. ఇంజను కొంచెము వేగముగా తిరుగుచుండగా అంకె 0.1కిని 0.9కిని నడుమ చుఱుకుగా ఊగుచున్నచో సెన్సారు ఆరోగ్యముగా నున్నది. ఒకేచోట నిలిచినచో, ఇంజను గాలి పీల్చు సన్నని రబ్బరు గొట్టము నొకదానిని క్షణకాలము ఊడదీయుడు. అంకె వెంటనే పడిపోయినచో సాక్షి మేలుకొనియే యున్నది, తప్పు వేఱొకచోట నున్నది. కదలకున్నచో మార్చవలసినదే. దాని నట్లే విడిచినచో అధికమైన పెట్రోలు పొగను శుద్ధిచేయు కన్వర్టరును కాల్చివేయును. అది సెన్సారుకంటె ఎంతయో ఖరీదు.

నేడు పెట్రోలులో నూటికి 20 పాళ్లు ఇథనాలు కలియుచుండుటచే ఈ విషయము మఱింత ముఖ్యమైనది. మన డెల్టాలో పండు చెఱకునుండియు, బియ్యపు నూకలనుండియు తీయదగిన యా ద్రవమునందే ప్రాణవాయువు కలదు. మంచి సెన్సారు ఆ భేదమును కనిపెట్టి సర్దించును, మందగించినది సర్దింపలేదు.

మార్చునపుడు ఇంజను గోరువెచ్చగా నుండుట మేలు. తుప్పు వదలించు నూనె చల్లి కొంతసేపు ఆగి, తీగకు సందు గల 22 మిల్లీమీటర్ల సాకెట్టుతో త్రిప్పవలెను. క్రొత్తదాని మరలకు మాత్రమే పట్టుకొనిపోకుండ చేయు ముద్దను పూయవలెను; కొనకు తగిలినచో అది చెడును. సిలికాను జిగురును దీని దరికి రానీయరాదు. తీగల కలయికలో గ్రీజు పూయుటయు తగదు. పెక్కు సెన్సారులు బయటి గాలిని తీగల సందులనుండియే పీల్చును.

వానాకాలమున కాలువగట్ల దారిలో నీరు నిలిచినచోట కారును తటాలున దింపకుడు. ఎఱ్ఱగా కాలిన పింగాణికి చన్నీరు తగిలినచో అది పగులును.