చెవుడులో షుగర్ వాటా

విశాఖ దగ్గరి పరవాడ ఫార్మాసిటీలోనో, సింహాద్రి థర్మల్ ప్లాంటులోనో ఏళ్ల తరబడి పనిచేసినవాళ్లకు చెవి మందగిస్తే నేరం మెషీన్ల మీదకే పోతుంది. అందులో తప్పు లేదు. ఎనిమిది గంటల డ్యూటీలో మోత 90 డెసిబెల్స్ దాటకూడదని మన ఫ్యాక్టరీ నిబంధనలున్నది అందుకే. అయితే ఆ మనిషికి షుగర్ కూడా ఉంటే? కళ్లు, కిడ్నీలు, అరికాళ్ల తిమ్మిర్లు గుర్తొస్తాయి. చెవి ఎవరికీ గుర్తురాదు.

లోపలి చెవిలో నత్తగుల్లలా చుట్టుకున్న కాక్లియా ఉంటుంది. అందులో శబ్దాన్ని పట్టే రోమకణాలు సుమారు 15 వేలు. చచ్చినవి మళ్లీ పుట్టవు. వాటికి కరెంటు అందించేది పక్కగోడలో సన్నని రక్తనాళాలతో నిండిన పొర. షుగర్ అదుపు తప్పి ఏళ్లు గడిస్తే ఆ నాళాలు మందమెక్కి రక్తం చాలదు. రెటీనాలో జరిగేదీ ఇలాంటిదే. కాకపోతే కంట్లోకి డాక్టరు లైటు వేసి చూడగలడు, కాక్లియాలోకి చూడలేడు.

రెండో దెబ్బ వినికిడి నరానికి. బెరా పరీక్షలో తలకు ఎలక్ట్రోడ్లు అంటించి చెవిలో టిక్కు టిక్కుమని శబ్దాలు వినిపిస్తారు. గట్టి శబ్దమైతే దాని కబురు దాదాపు 6 మిల్లీసెకన్లలో మెదడు కాండం పైభాగానికి చేరుతుంది. షుగర్ ఉన్న కొందరిలో అది ఆలస్యమవుతుంది. ఆ పిసరంత తేడాకేం అనుకోవద్దు. గోలలోంచి మాటను ఏరుకోవడానికి మెదడుకు ఆ సమయపు లెక్కే ఆధారం. పెళ్లి భోజనాల్లో “ఏటీ? ఏటన్నావు?” అని పదేపదే అడిగే మనిషికి గొంతు వినబడుతూనే ఉంటుంది, మాటే తెలియదు.

అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ పరిశోధకులు 2008లో ప్రచురించిన అధ్యయనంలో షుగర్ ఉన్నవాళ్లలో వినికిడి లోపం దాదాపు రెట్టింపు కనిపించింది. వయసునూ, పనిచోట మోతనూ లెక్కలోకి తీసుకున్నా తేడా పోలేదు.

వినికిడి పరీక్ష గ్రాఫులో, అంటే ఆడియోగ్రామ్‌లో, మోత దెబ్బ సాధారణంగా 4000 హెర్ట్జ్ దగ్గర గుంటలా పడుతుంది. షుగర్‌లో ఎక్కువగా హై ఫ్రీక్వెన్సీ శబ్దాలే జారిపోతాయి. రెండూ కలిస్తే విడదీయడం కష్టం. ఫ్యాక్టరీవాళ్లు తీసే ఆడియోగ్రామ్ ఒక ఫైల్లో, షుగర్ అదుపును చూపే హెచ్‌బీఏ1సీ రిపోర్టు ఇంకో ఫైల్లో ఉండిపోవడమే నాకు కనిపించే అసలు చిక్కు. రెండూ ఒకే డాక్టరు ముందు పెట్టాలి.

ఒక చెవి ఉన్నట్టుండి మూగబోతే మాత్రం గులిమి అనుకుని నూనె చుక్కలు వేసుకుంటూ కూర్చోవద్దు. ఆ రోజే విశాఖ పెదవాల్తేరు ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రికో, దగ్గర్లోని చెవి డాక్టరుకో చూపించాలి. దీనికి ఇచ్చే స్టెరాయిడ్ మాత్రలు షుగర్‌ను అమాంతం పెంచుతాయి. షుగర్ ఉందని ముందే చెబితే, అవసరాన్ని బట్టి ఆ మందునే కర్ణభేరి గుండా ఇంజెక్షన్‌గా ఇచ్చే దారీ ఉంది.