తెల్లారేసరికి పార్శిల్ తెచ్చే బుల్లి విమానం

కొరియర్ అబ్బాయి కవరు చేతిలో పెడితే సంతకం పెట్టేసి, మళ్లీ కుక్కరు విజిల్స్ లెక్కపెట్టుకోవడంలో పడిపోతాం. రాత్రికి రాత్రి అది అంత దూరం ఎలా వచ్చిందో ఎవరికి పట్టింది చెప్పండి! నాకూ పట్టలేదు, అమ్మాయి పురిటికని అమెరికాలోని మోంటానా వెళ్లేదాకా.

వాళ్లది చిన్న ఊరు. పొద్దున్న ఏడింటికి నేను కాఫీ కలుపుతుంటే వంటింటి కిటికీ మీదుగా గుర్రుమంటూ ఓ విమానం దిగేది. ఒకటే ఇంజను, ముక్కుకి పంకా, పొట్ట కింద సామాన్ల పెట్టె. "అది పార్శిళ్ల విమానం అత్తయ్యగారూ, పేరు సెస్నా కారవాన్" అన్నాడు మా అల్లుడు.

అసలీ పద్ధతి మొదలైందే చిన్న విమానాలతోనట. 1973 ఏప్రిల్ 17 రాత్రి ఫెడెక్స్ కంపెనీ మెంఫిస్ నుంచి 14 చిన్న జెట్లతో 25 నగరాలకి పార్శిళ్లు పంపింది. మొత్తం ఎన్నో తెలుసా? 186! మన ఇళ్లలో పెళ్లి శుభలేఖలే అంతకన్నా ఎక్కువ పంచుతాం. 1977లో చట్టం మారాక పెద్ద విమానాలు వచ్చాయి. కానీ చిన్న ఊరి నాలుగు మూటల కోసం పెద్ద జెట్ దిగితే పెట్రోలు ఖర్చయినా గిట్టదు కదా. అందుకే 1980ల నుంచి అక్కడ కారవాన్లు తిరుగుతున్నాయి.

సాయంత్రం ఊళ్లో పోగైన పార్శిళ్లని చిన్న విమానం పెద్ద ఊరికి చేరుస్తుంది. అక్కణ్ణించి జెట్‌లో మెంఫిస్‌లాంటి కేంద్రానికి. అర్ధరాత్రి అక్కడ ఏ ఊరివి ఆ ఊరికి వేరుచేస్తారు. తెల్లవారుజామున మళ్లీ జెట్, మళ్లీ బుల్లి విమానం, ఆ తర్వాత వ్యాను. పొద్దున వచ్చిన పైలట్ పగలంతా ఆ ఊళ్లోనే ఉండి, సాయంత్రం తిరిగి వెళతాడు. మన పల్లెల్లో నైట్ హాల్ట్ బస్సు లేదూ? ఇది డే హాల్ట్ అన్నమాట!

ఓ రోజు మంచు కురిసింది. ఏడయింది, ఎనిమిదయింది, చప్పుడు లేదు. నెలలు నిండకుండా పుట్టిన మనవడికి రావలసిన ప్రత్యేకమైన పాలపొడి అందులో ఉంది. డబ్బాలో రెండు రోజులకే మిగిలింది. "ఇదేం చోద్యం, ఇంత దేశంలో!" అని సణిగాను. అల్లుడు నిదానంగా చెప్పాడు. రెక్కల మీద మంచు పేరుకుంటే ఆ విమానం బరువెక్కి, గాలిలో నిలవలేదట. అలా కొన్ని కూలిపోయాయట కూడా. 2006లో అక్కడి ప్రభుత్వం ఆంక్షలు బిగించింది. లోపల ఉండేది ఒక్కడే పైలట్, తోడు ఎవరూ ఉండరు. 2022 నుంచి రెండింజన్ల స్కైకొరియర్లు కూడా వస్తున్నాయి గానీ, మా ఊరికి వచ్చేది మాత్రం అదే ఒంటి ఇంజనుది.

అతనికీ ఎక్కడో ఓ తల్లి ఉంటుంది కదా అనిపించి నోరు మూసుకున్నాను. పాలపొడి కొలిచి కొలిచి కలిపాం. మూడో రోజు పొద్దున గుర్రుమని వినిపించగానే, స్టవ్ మీద పాలు పొంగుతున్నా చూసుకోకుండా కిటికీ దగ్గరికి పరుగెత్తాను.