ఉక్కు పరీక్ష - గుండె పరీక్ష

భిలాయి ఉక్కు కర్మాగారములో తయారగు రైలు పట్టాలు దేశమున నలుదిక్కుల పరచబడియున్నవి. పైకి నునుపుగా కనిపించు పట్టాలో సన్నని పగులు దాగియున్నచో బండికి ప్రమాదము. అందుచేత పట్టాను కోయకుండనే, చెవికి వినబడని అతిధ్వనిని దానిలోనికి పంపి, తిరిగివచ్చు ప్రతిధ్వనినిబట్టి లోపమును గుర్తింతురు.

ఈ ఉపాయమే మానవుని గుండెకును ఉపకరించినది. 1953లో స్వీడన్ దేశమునందలి లుండ్ నగరమున ఇంగే ఎడ్లర్ అను వైద్యుడును, హెల్ముత్ హెర్ట్జ్ అను భౌతికశాస్త్రజ్ఞుడును ఓడల నిర్మాణశాలలో లోహములను పరీక్షించు యంత్రమును ఎరవు తెచ్చి ప్రయోగించి చూచిరి. ఆ సంవత్సరము అక్టోబరులోనే గుండె కదలికలను ప్రతిధ్వనుల మూలమున నమోదు చేయగలిగిరి. నేడు 'ఎకో' అని వాడుకలోనున్న పరీక్షకు అదియే నాంది.

1959 ఫిబ్రవరిలో భిలాయిలో మొదటి బ్లాస్టు ఫర్నేసు ప్రారంభమైనది. ఆ కర్మాగారమును నమ్ముకొని తెలుగు కుటుంబములు అనేకము అచ్చట స్థిరపడినవి. మెట్లెక్కునపుడు ఆయాసము, సాయంకాలమునకు పాదముల వాపు కలిగినచో, కొలిమి వేడియనియో, రాత్రి షిఫ్టు అలసటయనియో సరిపెట్టుకొనుట కార్మికునికి సహజము. పరీక్షయనిన భయము మరికొంత జాప్యము కలిగించును. ఆ జాప్యమే అపాయకరము.

ఎకో పరీక్షలో కోత లేదు, సూది లేదు, ఎక్స్‌రే కిరణములును లేవు. రోగిని ఎడమప్రక్కకు పరుండబెట్టి, ఛాతీపై జిగురువంటి లేపనము పూసి, చిన్న పరికరమును ఆనింతురు. గుండె గదులు, కవాటములు తెరపై కదలుచు కనిపించును.

ఎడమ జఠరిక నిండినపుడు 120 మిల్లీలీటర్ల రక్తము, ముడుచుకొనిన పిదప 50 మిల్లీలీటర్లు ఉన్నవనుకొనిన, 70 మిల్లీలీటర్లు వెలికి పోయినట్లు. అనగా నూటికి సుమారు 58 పాళ్లు. దీనినే 'ఎజెక్షన్ ఫ్రాక్షన్' అందురు. సాధారణముగా ఇది 55 నుండి 70 వరకు ఉండును. 60 అని వ్రాసియున్నచో గుండె 40 పాళ్లు చెడినదని బెంగపడరాదు; ఆరోగ్యవంతుని గుండెయు రక్తమంతటిని ఒకేసారి వెలికి త్రోయదు. 40 గాని అంతకు తక్కువ గాని ఉన్నచో గుండె బలము తగ్గినదని గ్రహింపవలెను. అట్టివారికిని నేడు మంచి మందులు కలవు.

అయినను ఈ ఒక్క అంకెయే సర్వము కాదు. అంకె బాగుగనే యున్నను గుండె బిగుసుకొని ఆయాసము కలుగవచ్చును. రక్తనాళములలోని అడ్డంకులను ఈ పరీక్ష నేరుగా చూపజాలదు. కావున ఛాతీలో నొప్పి, చెమట, ఎడమచేతికి గాని దవడకు గాని ప్రాకు బాధ కలిగినచో ఎకో కొరకు వేచియుండక తక్షణమే ఆసుపత్రికి పోవలెను.

రక్తపుపోటును అదుపులో నుంచుకొనుట, పొగాకును మానుట ప్రతివారికిని సాధ్యమే. పరీక్ష పత్రమును పారవేయక భద్రపరచవలెను. మరుసటి పరీక్షనాడు దానితో పోల్చి చూచినచో, గుండె కోలుకొనుచున్నదో, క్షీణించుచున్నదో వైద్యునికి తేటపడును.